అరువిచ్చిన ముక్కు

అయ్యవారు పోయాడన్న సంగతి మొన్న సంతనాడు తెలిసింది. గుమ్మఘట్ట వైపు నుంచి ఒకాయన పెళ్లికి నెయ్యి కావాలని అంగడికి వచ్చాడు. డబ్బాలు కడుతుంటే మాటల్లో మాటగా, మీ హైస్కూల్లో మా ఊరి ఆయన ఒకాయన సైన్సు చెప్పేవాడు కదా, పోయిన నెల పోయినాడు అన్నాడు. వినగానే నాకు దుఃఖం పొంగుకొచ్చిందని రాస్తే అబద్ధమవుతుంది. ముందు వచ్చింది కోపం. నా వెన్నకుండలు మూడు పట్టుకుపోయి తిరిగి ఇవ్వలేదు ఆయన. బదిలీ అయినప్పుడు కూడా ఒక్క మాట చెప్పకుండా బస్సెక్కాడు. మనిషిని ఇంత విసిగించినవాడు పోయేముందు ఒక కార్డు ముక్కైనా రాయొచ్చు కదా అనుకున్నాను. ఆ తర్వాత చేతిలో ఉన్న పురికొస ఉండ ఎక్కడ పెట్టానో తెలియక అంగడంతా వెతికాను.

మాది చిలమత్తూరు. తాత కాలం నుంచి నెయ్యి వ్యాపారం. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు తెచ్చే వెన్న తీసుకుని, కాచి, హిందూపురానికీ అటు కన్నడ ఊళ్లకూ పంపిస్తాం. ఈ వ్యాపారంలో తక్కెడ కంటే ముక్కు ముఖ్యం. వెన్న కొంచెం ముంజేతి వెనక రాసుకుని వాసన చూస్తే అది ఎన్నాళ్లదో, పాలిచ్చిన ఎనుము ఏం మేసిందో, అందులో వనస్పతి కలిపారో లేదో చెప్పేవాణ్ని. ఇందులో గొప్పేం లేదు, చిన్నప్పటి నుంచి అదే పని. ఊళ్లో నన్ను చాటుగా ముక్కుశెట్టి అనేవాళ్లని నాకూ తెలుసు. ఆ ముక్కే నన్ను అయ్యవారికి పట్టించింది.

డెబ్బైల చివర్లో ఆయన మా ఇంటి వీధిగదిలో అద్దెకు దిగాడు. దిగిన వారానికే ఒక పొద్దున ఆ గదిలోంచి మాడు వాసన ఇల్లంతా కమ్మింది. మా ఆవిడ పరుగెత్తుకుని వెళ్లి చూస్తే స్టవ్వు మీద పాలగిన్నె నల్లగా మాడిపోయి పొగలు కక్కుతోంది. మూరెడు దూరంలో ఆయన దానికి వీపు పెట్టి కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాడు. గిన్నె దించి ఆవిడ నాలుగు మాటలంటే, నిదానంగా తిరిగి చూసి, తనకు వాసన రాదని, చిన్నప్పుడేదో జ్వరం వచ్చి ఆ జ్వరంతో పాటే పోయిందని చెప్పాడట. మరి ముక్కుపొడి ఎందుకు పీలుస్తారని సాయంత్రం నేనడిగాను.

"మంట తెలుస్తాదప్పా. ముక్కుకు అదొక్కటే తెలిసేది," అన్నాడు.

జాలి పడ్డాను. ఎందుకు పడ్డానా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

ఆయనకొక అలవాటుండేది. ఏ మాటైనా 'కాబట్టి' అని మొదలుపెట్టేవాడు. అంతకుముందు ఏం జరిగిందో, ఆయన బుర్రలో ఏం నడిచిందో మనకు తెలియాలి కదా. తెలిసినట్టే మాట్లాడేవాడు. నేను గిరాకీతో తలమునకలుగా ఉంటే వచ్చి, గల్లాపెట్టె మీద వేలి కణుపులతో రెండు దెబ్బలు కొట్టి, "కాబట్టి శెట్టీ, నీ దగ్గర పాత కుండలుండాయా" అనేవాడు. ఏ కుండలు, ఎందుకు, ఏమిటి సంగతి అని అడిగితే, ఇంత మాత్రం తెలియదా అన్నట్టు నా వైపు చూసేవాడు. తొందరేం లేదంటాడు. అక్కడ్నుంచి కదలడు.

ఇక్కడ లక్ష్మీదేవమ్మ సంగతి చెప్పాలి. ఊరికి మైలు దూరంలో ఆమెకు అరెకరం మల్బరీ తోట, ఒక బావి, ఒక ఎనుము. ఎనుము వెన్న నాకు వచ్చేది. మల్బరీ ఆకుతో పట్టుపురుగులు పెంచేది. మొగుడు బెంగళూరులో కట్టడం పనికి పోయి, పండక్కో జబ్బుకో వచ్చేవాడు. ఇద్దరు పిల్లల్నీ ఇక్కడే బళ్లో వేసి, తోట ఉన్నన్నాళ్లూ నేను ఊరు కదలనని పంతం పట్టి కూర్చున్న మనిషి ఆమె. బావికి కరెంటు లేదు, డీజిలు ఇంజను. ఒకరోజు నీళ్లు కడుతుంటే ఇంజను కొట్టంలో డీజిలు పీపా కుళాయి వదులైంది. కొట్టం పక్కనే కాలవ. ఆమె కింది చేలో ఒక్కొక్క సాలుకు నీళ్లు తిప్పుకుంటూ పోతోంది. నీళ్ల మీద రంగులు తేలుతున్నాయని చూసి పరుగెత్తేసరికి పీపా ఖాళీ. తోటలో పన్నెండు సాళ్లు. పైన మూడు నాలుగింటికి కొంచెమే పట్టింది, కిందికి పోయేకొద్దీ మన్ను తడిసి ముద్దయింది.

చెట్లు చావలేదు. కొట్టేస్తే మళ్లీ చిగురించాయి. కానీ ఆకు పట్టుకొచ్చి వేస్తే పురుగు తల తిప్పుకునేది. పట్టుపురుగుకు వాసన పట్టింపు చాలా ఎక్కువ. పక్క గదిలో బీడీ తాగినా మేత మానేస్తుంది. ఆ మాట లక్ష్మీదేవమ్మ మా అరుగు మీద కూర్చుని, వెన్న తట్ట ముందు పెట్టుకుని చెప్పింది. ఇంక తోట పెరికేసి పిల్లల్ని తీసుకుని బెంగళూరు పోవాల్సిందేనంది. ఇసుక మోయడానికి, అంది. నేను ఏదో ఓదార్పు మాట వెతుకుతున్నాను. గదిలోంచి అయ్యవారు బయటికొచ్చాడు.

"కాబట్టి," అన్నాడు ఆమెతో, "దానికి మందు నీ ఇంజను కొట్టంలోనే ఉండాదమ్మా."

ఆయన కొట్టం చూసి వచ్చాడట అప్పటికే. ఇంజను కింద ఏళ్ల తరబడి డీజిలు కారి నల్లబడిన మన్ను మీద, చలికాలంలో ఒక బూజు పడుతుందని లక్ష్మీదేవమ్మకూ తెలుసు. తుడిచేసేది. ఆ బూజు డీజిలును తిని బతుకుతుందని ఆయన వాదన. మంచు పడే దేశాల్లో చమురు ఒలికిన నేలలో అలాంటివి ఉన్నాయని ఎక్కడో చదివాడట. వాటికి చలి అంటే భయం లేదు, తక్కినవన్నీ ముడుచుకుని పడుకునే చలిలో అవి పని చేస్తాయి. ఇక్కడి బూజు ఎండాకాలమంతా నిద్రపోయి కార్తీకంలో లేస్తుంది. దాన్ని తోటంతా పాకించి, శివరాత్రి దాకా చల్లగా ఉంచితే చాలు, అన్నాడు.

"చల్లగానా," అంది లక్ష్మీదేవమ్మ. "అనంతపురం జిల్లాలోనా సామీ?"

నేను నవ్వాను. వానకు మొగం వాచిన ఊళ్లో, ఆకాశం వైపు చూసి అందరూ వాన అడుగుతుంటే, ఈయనొక్కడు చలి అడుగుతున్నాడు. కానీ ఆమె నవ్వలేదు. కాసేపు ఆయన మొహం చూసి, ఒక చలికాలం చూస్తాను, తర్వాత నా దారి నాది అంది.

అప్పట్నుంచి నా బతుకు కుక్కలు చింపిన విస్తరి అయింది. వెన్న చల్లగా ఉండటానికి మేం తడి ఇసుకలో పాతిపెట్టే కుండలు మూడు, అడగకుండానే తీసుకుపోయాడు. ఒకదాని మూత తీసి చూస్తే లోపల శెనక్కాయ పొట్టు, దాని మీద నల్లగా నూగు. మా ఆవిడ ఆ రోజు వంట చేయలేదు. బూజుకు బలం కావాలని లక్ష్మీదేవమ్మ ఎనుము ఉచ్చ డబ్బాలో పట్టి తెచ్చి మా వాకిట్లో పెట్టేవాడు. వెన్న తెచ్చే ఆడవాళ్లు ముక్కు మూసుకుని, ఏం శెట్టీ, నెయ్యిలో ఇదీ కలుపుతాండావా అని అడగడం మొదలుపెట్టారు. ఊళ్లో అందరూ పుష్యమాసం చలికి కంబళి కప్పుకుంటే, ఈయన తన కంబళి తడిపి తీసుకుపోయి మధ్యాహ్నం ఎండ తగలకుండా మట్టి మీద కప్పేవాడు. తాను మాత్రం పంచె కొంగు మెడకు చుట్టుకుని గజగజ వణుకుతూ బడికి పోయేవాడు. చూస్తే ఒళ్లు మండిపోయేది నాకు. ఆ కంబళి మా ఆవిడ ఇచ్చింది.

లక్ష్మీదేవమ్మ మాత్రం చెప్పింది చెప్పినట్టు చేసింది. బూజు పట్టిన పొట్టు సాళ్లలో కలిపింది. తెల్లవారుజామున, నీళ్లు చల్లగా ఉన్నప్పుడే తడిపింది. వారానికోసారి పారతో మన్ను తిరగేసింది. బావిలో నీళ్లు తగ్గుతుంటే పక్క రైతులు తిట్టారు, తాగడానికి లేక మేం చస్తాంటే నువ్వు బూజుకు తాపుతావా అని. ఆమె వాళ్లకు జవాబు చెప్పలేదు. నాకు చెప్పింది. అయ్యవారి మాట నిజమైతే పిల్లోళ్లు బడి మానరు అని, అంతే.

ఇక అసలు బాధ. మన్ను బాగుపడుతోందా లేదా అని చెప్పడానికి ఆ ఊళ్లో యంత్రాలున్నాయా, ముక్కు ఒక్కటే దారి. ఆయనకది లేదు. శుక్రవారం వచ్చేసరికి పన్నెండు సాళ్ల మన్ను పన్నెండు సీసాల్లో పోసి, బిరడా బిగించి, ఎండలో వెచ్చబెట్టి, బుట్టలో పేర్చుకుని అంగడికొచ్చేవాడు. ఒక్కొక్క బిరడా తీసి నా ముక్కు కింద పెట్టి, ఊపిరి బిగబట్టి నా మొహం వైపు చూసేవాడు. ఆయన కళ్లు అప్పుడెలా ఉండేవో నాకింకా గుర్తుంది. డాక్టరు ఏం చెబుతాడో అని చూసే చంటిబిడ్డ తల్లి కళ్లలా ఉండేవి. "ఉందా" అనేవాడు. ఉందంటే ఎంత, పోయినవారం కంటే తక్కువా, ఎంత తక్కువ. రూపాయిలో ఎన్నణాలు. నోటుపుస్తకంలో రాసుకునేవాడు.

డీజిలు వాసన పీల్చిన ముక్కు సాయంత్రం దాకా దేనికీ పనికిరాదు. అది ఆయనకెలా తెలుస్తుంది? రెండుసార్లు నేను పాచి వెన్న తీసుకుని మోసపోయాను. నా జీవితంలో అంతకుముందు ఎన్నడూ జరగలేదు. చెబితే, "శుక్రవారం వెన్న తీసుకోవద్దు శెట్టీ" అని సలహా చెప్పాడు. శుక్రవారం మాకు సంత.

ఆ మాఘమాసం పెళ్లిళ్లు ఎక్కువ. అంగడి నిండా జనం. ఆ శుక్రవారం ఆయన బుట్టతో వచ్చి గల్లాపెట్టె మీద కణుపులతో రెండు దెబ్బలు కొట్టాడు. మొదటి సీసా వాసన చూశాను. లేదు. రెండోది చూశాను, లేదు. మూడోది మంచి నల్లమన్ను వాసన, డీజిలు జాడే లేదు. నిజంగానే ఆశ్చర్యపోయాను, మనసులో సంతోషపడ్డాను కూడా. మా వ్యాపారంలో ఒక పద్ధతుంది. ఒకే ఇంటి నుంచి పది ముద్దల వెన్న వస్తే మూడు చూస్తాం. మూడూ బాగుంటే మిగతావి చూడం, తీసేసుకుంటాం. చెయ్యి అలవాటు పడిపోయి ఉంటుంది. అవతల ఒకాయన నెయ్యి డబ్బాల కోసం అరుస్తున్నాడు. నాలుగో సీసా నుంచి నేను ముక్కు దగ్గరికి రానిచ్చాను గానీ ఊపిరి పీల్చలేదు. లేదు, లేదు, లేదు అంటూ పోయాను. ఆయన పన్నెండు సార్లు రాసుకున్నాడు.

వాన మొదలవబోతే మబ్బు చూసినట్టు, పన్నెండో సీసా మూసి ఆయన ఒకసారి వాకిలి వైపు చూశాడు. తర్వాత ఎవరికీ ఏమీ చెప్పకుండా తోట వైపు నడిచాడు. మంచి ఎండ, కాళ్లకు చెప్పులు కూడా వేసుకోలేదు.

తడపడం మానేశారు. లక్ష్మీదేవమ్మ పట్టుపురుగుల గుడ్ల అట్ట తెచ్చింది. చిన్న పురుగుకు లేత ఆకు కొంచెం చాలు, పై సాళ్లు సరిపోయాయి. పురుగు చక్కగా మేసింది. ఆమె వెన్న తెచ్చినప్పుడల్లా పురుగుల సంగతే చెప్పేది, పసిబిడ్డ కబుర్లు చెప్పినట్టు. పురుగు పెరిగేలోపు నాలుగుసార్లు మేత మాని పొర విడుస్తుంది, దాన్నే నిద్ర అంటారు. నాలుగో నిద్ర లేచాక పురుగుకు ఆకలి ఎక్కువ. అప్పుడు కింది సాళ్ల ఆకు కోసింది. పొద్దున వేసిన ఆకు సాయంత్రానికి వేసింది వేసినట్టే వాడిపోయి ఉంది. పురుగులు తట్టల అంచులకు పోయి తలలెత్తి కూర్చున్నాయి. పై సాళ్లలో ఆకు అయిపోయింది. పక్క తోటల వాళ్లకు వాళ్ల పురుగులకే చాలదు. మూడు రోజుల్లో చచ్చిన పురుగుల్ని తట్టలకు తట్టలు ఎత్తి గుంటలో పోసింది.

నేను చూడ్డానికి వెళ్లాను. వెళ్లి, కింది సాలులో పిడికెడు మన్ను తీసి వాసన చూశాను. ఘాటు గుప్పున కొట్టింది. ఆ రోజు ఒక్క ఊపిరి పీల్చి ఉంటే తెలిసేది. ఇంకో నెల తడిపి ఉండేవాళ్లు, గుడ్లు తెచ్చేవాళ్లు కాదు. నేను లేచి చేతులు దులుపుకుని ఇంటికొచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు.

అయ్యవారు నన్ను ఒక్క మాట అడగలేదు. అదే నాకు భరించరాకుండా పోయింది. శెట్టీ, నువ్వు సరిగ్గా చూసినావా అని అడగొచ్చు కదా. ఏ బుద్ధున్నవాడైనా ముందు అదే అడుగుతాడు. ఆయన తన బూజునే అనుమానించాడు. ఇది చలిదేశాల బూజు కాదేమో, నేనే తప్పు చదువుకున్నానేమో అంటూ అరుగు మీద కూర్చుని తనలో తాను గొణుక్కునేవాడు. ఉగాది తర్వాత లక్ష్మీదేవమ్మ ఎనుమును చెల్లెలింట్లో కట్టేసి, పిల్లల్ని తీసుకుని బెంగళూరు వెళ్లిపోయింది. బస్సెక్కేముందు ఆయనకు దండం పెట్టి, మీరు మంచి చెయ్యాలనే చేసినారు సామీ అందట. ఆ మాట ఆయనే నాకు చెప్పాడు. చెప్పి రెండు రోజులు అన్నం తినలేదు.

వైశాఖంలో ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఏదో పని మీద ఇంటికొచ్చాను. ఆయన గది తలుపు తీసే ఉంది. చాప మీద పన్నెండు సీసాలూ వరసగా పెట్టుకుని కూర్చున్నాడు. ఒకదాని బిరడా తీసి తన ముక్కు కింద పెట్టుకుని, కళ్లు మూసుకుని గట్టిగా పీల్చాడు. కాసేపు ఆగాడు. మళ్లీ పీల్చాడు. దాన్ని పక్కన పెట్టి రెండోది తీశాడు. అలా పన్నెండూ. నలభై ఏళ్లు దాటిన మనిషి, ముక్కు పనిచేయదని తనకంటే బాగా తెలిసినవాడు లేడు, అయినా మళ్లీ మొదటి సీసాకు వచ్చాడు.

నేను లోపలికి పోయి చాప అంచున కూర్చుని ఉన్నదంతా చెప్పేశాను. మూడే చూశానని, తొమ్మిది చూడలేదని, తర్వాత తోటకు పోయి వాసన చూసి కూడా నోరు మూసుకున్నానని. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండనుకున్నాను.

ఆయన బిరడా చేతిలో పట్టుకుని నా వైపే చూశాడు.

"కాబట్టి," అన్నాడు మెల్లగా, "బూజు తప్పేమీ లేదు."

"బూజు సంగతి కాదు సార్, నేను అబద్ధం చెప్పినాను మీకు."

"చెప్పినావులే. చూసిన మూడూ ఏవి? ఒకటి, రెండు, మూడేనా? మూడింట్లో పూర్తిగా పోయిందా?" నోటుపుస్తకం కోసం తడుముకుంటున్నాడు. ఆయన మొహం వెలిగిపోతోంది. "మూడు సాళ్లలో పోయిందంటే తక్కినవాటికీ పోతాదప్పా. ఇంకొక చలికాలం కావల్ల, అంతే."

నా ఒళ్లు తెలియని కోపం వచ్చింది. మీ వల్ల కాదు, నా వల్ల ఒక ఆడమనిషి ఊరు విడిచిపోయింది, నన్ను ఒక్క మాట అనడానికి మీకు నోరు రాదా అని అరిచాను. ఆయన రాసుకోవడం ఆపి, ఇబ్బందిగా, నాకు చెప్పింది చాల్లే శెట్టీ, చెప్పాల్సింది ఆయమ్మకు కదా అన్నాడు. మర్నాడు ఇద్దరం బెంగళూరు బస్సెక్కాం. అంగడి మూసి.

ఆమె చెల్లెలు చెప్పిన గుర్తులు పట్టుకుని వెతికితే, ఎక్కడో ఊరి చివర ఒక పెద్ద కట్టడం. లక్ష్మీదేవమ్మ తల మీద ఇసుక తట్టతో వెదురు నిచ్చెన దిగుతూ మమ్మల్ని చూసింది. పిల్లలు ఇసుక కుప్ప పక్కన ఆడుకుంటున్నారు, బడి లేదు. పనివాళ్లందరి ముందూ నేను చెప్పాల్సింది చెప్పాను. ఆమె తట్ట దించి, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంది.

"నా వెన్నను ఎన్ని మార్లు రాసి, చూసి, ఎనక్కి తోసినావు శెట్టన్నా నువ్వు," అంది. "ఒక్కమారు కూడా చూడకుండా తీసుకోలేదే. నా మన్ను మటుకు చూడబుద్ధి కాలేదా?"

అయ్యవారు మధ్యలో దూరి మూడు సాళ్ల సంగతి, ఇంకో చలికాలం సంగతి మొదలుపెట్టాడు. ఆమె ఆయన్ని చేత్తో ఆపి నాతోనే మాట్లాడింది. కార్తీకానికి వస్తానంది. కానీ సీసాలు వద్దు, అంగడి వద్దు. వారం వారం నేనే తోటకు రావాలి. ప్రతి సాలులో మోకాళ్ల మీద వంగి, మన్ను మీద ముక్కు పెట్టి చూడాలి. తను పక్కన నిలబడి చూస్తుంది. సరేనన్నాను. ఇంకేమంటాను?

ఆ చలికాలమంతా శుక్రవారం తెల్లారేసరికి నేను ఆ తోటలో ఉన్నాను. మోకాళ్ల కింద తడి మన్ను, చలికి వేళ్లు కొంకర్లు పోయేవి. వెనకాల లక్ష్మీదేవమ్మ కొడవలి పట్టుకుని నిలబడేది. అయ్యవారు ముక్కుపొడి పీల్చుకుంటూ రూపాయిలో ఎన్నణాలు అని అడిగేవాడు. దారిన పోయేవాళ్లు, శెట్టి పొర్లుదండాలు పెడతాండాడని నవ్వేవాళ్లు. నడుము నొప్పికి మా ఆవిడ రాత్రి కాపడం పెడుతూ అయ్యవారినీ నన్నూ కలిపి తిట్టేది. సంక్రాంతి వెళ్లేసరికి ఏడో సాలు బాగుపడింది. మాఘానికి పదోది. పదకొండో సాలు మాత్రం ఏం చేసినా మొండికేసింది, ఇప్పటికీ అక్కడ వంగితే నాకు కొంచెం తెలుస్తుంది. అందులో మల్బరీ పెరికేసి ఆముదం పెట్టింది ఆమె. పన్నెండోది ఎందుకు బాగుపడింది, పదకొండోది ఎందుకు కాలేదు అని అయ్యవారు నెలరోజులు నా ప్రాణం తీశాడు. నాకేం తెలుసు?

ఆమె మళ్లీ గుడ్లు తెచ్చింది. ఆ పురుగులు నాలుగో నిద్ర లేచిన రోజు మా ఇద్దరికీ కబురు పెట్టింది. పురుగుల గది వాకిట్లో కింది సాళ్ల ఆకు కట్టలు కట్టి పెట్టి ఉంది. నేను ఒక్కొక్క కట్ట ఎత్తి, రెమ్మ రెమ్మా వాసన చూశాను. లేదు. ఆకు వాసన తప్ప ఏమీ లేదు. ఆయనకు అదే చెప్పాను. ఆయన రాసుకోలేదు. ఒక ఆకు తుంచి చేతిలో నలుపుతూ అడిగాడు.

"మంచి ఆకు వాసన ఎట్లుంటాది శెట్టీ?"

నేను తడబడ్డాను. రెండు చలికాలాలుగా ఆయనకు లేని వాసనలు చెబుతూ వచ్చాను, ఉన్న వాసన ఒక్కటి చెప్పమంటే నోట మాట రాలేదు. పచ్చిగా ఉంటుందన్నాను. పచ్చిగా అంటే అన్నాడు. కోసిన గడ్డిలా అన్నాను. అదెట్లుంటాది అన్నాడు. కొత్త కుండలో నీళ్లలా, తడిపిన నూలులా, చివరికి నా మీద నాకే కోపమొచ్చి, ఎట్లుంటుందో మీకెట్లా చెప్పను సార్, మంచి వాసనలా ఉంటుంది అని అరిచాను. ఆయన తల ఊపి ఆకు కింద పడేశాడు.

లక్ష్మీదేవమ్మ గుమ్మంలోంచి చూస్తోంది.

"ముక్కుతో ఏం పని సామీ మీకు," అంది. "ఇట్ల రాండి. లోపలికొచ్చి ఇనండి."

ఆయన వంగి లోపలికి పోయాడు. వెనక నేనూ పోయాను. నిలువెత్తున పేర్చిన తట్టలు, వాటి నిండా తెల్లటి పురుగులు. ఆమె కింది సాళ్ల ఆకు తట్టల నిండా పరిచి, మమ్మల్ని మాట్లాడొద్దని వేలు చూపించింది. మొదట ఏమీ లేదు. తర్వాత ఒక మూల నుంచి సన్నగా మొదలై గదంతా పాకింది. ఎండుటాకుల మీద తుంపర పడితే ఎలా ఉంటుందో అలా. వేల పురుగులు ఆకు కొరుకుతున్న చప్పుడు అది.

అయ్యవారు తట్ట మీదికి చెవి వంచాడు. కదల్లేదు. ఎంతసేపటికో తల ఎత్తి, నా వైపు కాదు, లక్ష్మీదేవమ్మ వైపు చూసి, "నాకు ఇనపడతాండాదమ్మా" అన్నాడు.

ఆ తర్వాత నన్నెవరూ ఏమీ అడగలేదు. ఒక నోటుపుస్తకం తీయలేదు, ఒక సీసా ముందుకు రాలేదు. రెండు చలికాలాలు ఎప్పుడు వదిలిపోతుందా అనుకున్న పీడ అది. వదిలిపోయిన ఆ నిమిషంలో నాకు ఏడుపు ముంచుకొచ్చింది. బయటికొచ్చి గోడ పక్కన నిలబడి ముక్కు చీదుకుంటుంటే లోపల్నుంచి లక్ష్మీదేవమ్మ పిలిచింది.

"శెట్టన్నా, ఆకు అయిపోయె. ఇంకో కట్ట ఎత్తుకొనిరా."